మూడు ట్రేల్లో వచ్చిన గేర్‌బాక్సు

ఒరేయ్ సూరీ,

ఫోనులో చెబితే సగం విని "సర్లేరా" అనేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఎవరో విప్పేసి వదిలేసిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు మూడు ట్రేల్లో నీ షెడ్డుకొచ్చిందన్నావు కదా, దాని మీద స్పానరు పెట్టకముందే ఇది చదువు.

విప్పినవాడు పేర్చిన వరసని అస్సలు నమ్మకు. వాషరు ఏ డ్రమ్ము (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నె) పక్కన ఉందంటే అక్కడ వాడి చెయ్యి ఖాళీ అయిందని, అంతే. కేసు మీద మోడల్ ప్లేటు నంబరు చూసి, దాని విడిభాగాల బొమ్మ సంపాదించు. బల్ల మీద శుభ్రమైన షీటు పరిచి బొమ్మలో ఉన్న వరసలో అన్నీ పేర్చు. లేనిదేదో అప్పుడు బయటపడుతుంది. డ్రమ్ముల్ని ఎవడూ పారేసుకోడు, పోయేవన్నీ చిన్నవే. తిరిగే భాగాల మధ్య పడే సన్నటి త్రస్ట్ బేరింగులు, స్ప్రింగులు, ఏ క్లచ్‌కి ఆయిలు వెళ్లాలో తేల్చే వాల్వు బాడీలోని చెక్ బాల్స్. శనగగింజంత బాలు ఒక్కటి లేకపోయినా, ఒకవైపే పోవాల్సిన ఆయిలు రెండువైపులా పోయి గేరు దబ్బున పడుతుంది, లేదా ఆలస్యంగా పడుతుంది. ట్రే అడుగు మడ్డిలో అయస్కాంతం తిప్పి ఊరుకోకు. కొన్ని బాక్సుల్లో బాల్స్ ప్లాస్టిక్‌వి, అయస్కాంతానికి దొరకవు. మడ్డిని జల్లెడ పట్టు.

అసలు ఎందుకు విప్పారో కూడా పట్టుకోవాలి. నల్లగా కాలిన ప్లేట్లు ఏ క్లచ్‌వో చూసి, ఆ క్లచ్ పిస్టను సీలు, డ్రమ్ము, దానికి ఆయిలు వెళ్లే షాఫ్టు మీది రింగులు చూడు. కారణం దొరక్కుండా కొత్త ప్లేట్లు వేస్తే అవీ బేగి మాడిపోతాయి.

గాజువాక గాలి సంగతి నీకు నేను చెప్పాలా! కడిగిన స్టీలు ప్లేట్లు రాత్రి వదిలేస్తే పొద్దున్నకి ఎర్రబడతాయి. కడగ్గానే ఏటీఎఫ్, అదే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు, రాసి మూతపెట్టు. గాలి ఊదే కంప్రెసరు ట్యాంకులో చేరిన నీళ్లు ముందే బయటికి వదిలెయ్. ఫ్రిక్షను ప్లేటు మీది పొరని జిగురుతో అతికిస్తారు, తడి తగిలితే అది ఊడుతుంది. కాటన్ వేస్టు జోలికి పోకు. ఒక్క నూలుపోగు చాలు, వాల్వు ఇరుక్కుపోతుంది.

ఇక క్లచ్‌లు. కొత్త ఫ్రిక్షను ప్లేట్లు కనీసం అరగంట ఏటీఎఫ్‌లో నానాలి. పిస్టను సీలు పెదవి ఆయిలు ప్రెషరు వచ్చే వైపుకే ఉండాలి. దించేటప్పుడు పెదవి మడతపడకుండా సన్నటి తీగని ఉచ్చులా వంచి చుట్టూ లోపలికి సర్దుకుంటూ రా. అలల్లా వంగిన ప్లేటు ఉంటే అది సాధారణంగా పిస్టను పక్కన ఉంటుంది. ఆపైన స్టీలు, ఫ్రిక్షను, స్టీలు, ఫ్రిక్షను, చివర మందపాటి ప్రెషరు ప్లేటు, అన్నిటినీ పట్టి ఉంచే సర్‌క్లిప్పు. సర్‌క్లిప్పుకీ ప్రెషరు ప్లేటుకీ మధ్య సందు కొలిచే రేకు, ఫీలర్ గేజి పెట్టు. ఫ్రిక్షను ప్లేటుకి సుమారు 0.25 మిల్లీమీటరు లెక్కన నాలుగుంటే 1 మిల్లీమీటరు అనుకో. చివరి మాట మాత్రం మాన్యువల్‌దే. 2 వచ్చిందంటే ప్లేటు తక్కువైంది, లేదా సన్నటి ప్లేటు పడింది. అసలు సందే లేదంటే ఒకటి ఎక్కువైంది, లేదా పిస్టను పూర్తిగా దిగలేదు. ఆ క్లచ్ న్యూట్రల్‌లో కూడా రాసుకుంటూనే ఉంటుంది.

ఒకవైపే తిరగనిచ్చే వన్‌వే క్లచ్ కొన్నిట్లో తిరగేసి పెట్టినా చక్కగా కూర్చుంటుంది, వచ్చిన చిక్కే అది. లోపలి హబ్బు పట్టుకుని బయటది తిప్పి, ఏ వైపు బిగుస్తుందో బొమ్మతో పోల్చు. త్రస్ట్ బేరింగుల్ని వాజిలీనుతో అంటించు. గ్రీజు వద్దు, అది ఆయిల్లో కరగక ఫిల్టరుకి పట్టుకుంటుంది. ఆయిలు పంపు బిగించాక ఇన్‌పుట్ షాఫ్టు ఆట (ముందుకీ వెనక్కీ ఎంత కదులుతుందో) డయల్ గేజితో చూడు. ఆట మరీ ఎక్కువుంటే ఎక్కడో ఒక బేరింగు మర్చిపోయావన్నమాట.

వాల్వు బాడీ పెట్టకముందే గాలి పరీక్ష చెయ్యి. 2 నుంచి 3 బార్ గాలి ఒక్కో క్లచ్ రంధ్రంలోకి వదిలితే "టక్" మని పట్టాలి. కాస్త బుస్సుమంటే పర్లేదు. గాలి మొత్తం పోతుంటే సీలు చిరిగింది, వెనక్కి వెళ్లాల్సిందే. వాల్వు బాడీ బోల్టులు పొడవుల్లో తేడా ఉంటాయి. పొట్టిది లోతు రంధ్రంలో వేస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచితోనే బిగించు. గాస్కెట్‌కి సిలికాన్ పూయకు.

ఇంజిను తిప్పుడుని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకి అందించే కన్వర్టర్‌లో ఓ లీటరు ఆయిలు పోసి, తిప్పుతూ తోస్తే రెండు మూడు మెట్లుగా దిగుతుంది. చివరి మెట్టు పంపుది. అది దిగకుండా బెల్ హౌసింగ్ (ఇంజినుకి బిగిసే గంట ఆకారపు కేసు) బోల్టులతో లాక్కున్నావంటే, ఇంజిను తిరిగిన మొదటిసారే పంపు విరుగుతుంది. బోల్టులు బిగిశాక కన్వర్టర్ చేత్తో తిరగాలి, ఇంజిను వైపున్న ఫ్లెక్స్ ప్లేటుకి కొంచెం ఎడం కనపడాలి.

ఆయిలు కూలరు పైపులు కడక్కపోతే పాత చెత్తంతా కొత్త బాక్సులోకే వస్తుంది. ఏటీఎఫ్ కంపెనీ చెప్పిన రకమే పొయ్యి. ఆయిలు 40 డిగ్రీల చుట్టుపక్కల ఉండగా లెవెలు చూడమని కొన్ని మాన్యువల్స్‌లో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మన షెడ్డులోనే ఇంచుమించు అంత వేడి, ఇంజిను వేసీ వెయ్యగానే దాటిపోతుంది. పొద్దున్నే చూసుకో. మొదటిరోజే సింహాచలం ఘాటీ ఎక్కించకు, బీచ్ రోడ్డు మీద నెమ్మదిగా తిప్పు.

కన్వర్టర్ దిగాక బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి, లోతు ఎంతొచ్చిందో ఫొటో తీసి పంపు. నేను చూసేదాకా బోల్టులు ముట్టుకోకు.

నీ
రమణ