డ్రోన్లకు రాయితీతో సరిపెట్టొద్దు, పరీక్షించే జాగా ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. డ్రోన్ల తయారీకి ప్రభుత్వ ప్రోత్సాహం అనగానే కొనేవాళ్లకిచ్చే రాయితీ దగ్గరే మాట ఆగిపోతోంది. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు డ్రోన్ ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు ఇస్తున్నారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీని 5 శాతానికి తగ్గించారు. రెండూ మంచి పనులే. కానీ కొత్త మోటారో, బ్యాటరీ ప్యాకో, డ్రోన్‌ను గాల్లో అదుపుచేసే ఫ్లైట్ కంట్రోలరో తయారుచేద్దామని కూర్చున్న కుర్రాళ్లకు వీటివల్ల ఒరిగేది తక్కువ. వాళ్లకు ముందు కావలసింది ఎగరేసి చూసుకునే చోటు. చెన్నైలో దానికే కరువు.

2021 డ్రోన్ నిబంధనలు పరిశోధకులకు మంచి వెసులుబాటే ఇచ్చాయి. గుర్తింపు ఉన్న కాలేజీలు, స్టార్టప్‌లు టైప్ సర్టిఫికెట్ (డ్రోన్ మోడల్‌కు ఇచ్చే ఆమోదపత్రం), రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ లేకుండానే పరీక్షలు చేసుకోవచ్చు. కాకపోతే ఆ చోటు గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేసుకునే ప్రాంతం అయి ఉండాలి, స్థలం తమ అధీనంలో ఉండాలి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటాకే, అదీ 200 అడుగుల ఎత్తు వరకే గ్రీన్ జోన్. 12 కిలోమీటర్లు దాటితే 400 అడుగులు. ఇప్పుడు చెన్నై పటం చూడండి. దక్ష సంస్థ డ్రోన్లు పుట్టిన క్రోంపేట ఎంఐటీ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) ప్రాంగణానికి ఒకవైపు మీనంబాక్కం విమానాశ్రయం, మరోవైపు తాంబరం వైమానిక స్థావరం. గిండీ దగ్గరి ఐఐటీకీ మీనంబాక్కమే అడ్డు. డ్రోన్ల మీద ఎక్కువ పని జరిగే చోటే ఆ వెసులుబాటు అక్కరకు రావడం లేదు.

చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి వైపు, గ్రీన్ జోన్ అవునో కాదో ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో సరిచూసుకుని, ఓ పదిహేను ఎకరాల ప్రభుత్వ భూమి కేటాయిస్తే చాలు. త్రీఫేజ్ కరెంటు, వలకట్టిన పంజరం, గాలి వేగం కొలిచే మీటరు, మండే బ్యాటరీని పడేయడానికి ఇసుక గొయ్యి ఉండాలి. తడ, సూళ్లూరుపేట, శ్రీసిటీ నుంచి వచ్చే మన పిల్లలకూ అది దగ్గరే.

ఇక డబ్బు సంగతి. 2021లో ప్రకటించిన 120 కోట్ల ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం అమ్మకాలు జరిగాక లెక్కగట్టి ఇచ్చేది. అమ్మకానికి ముందు రెండేళ్లు పరీక్షలతో గడిపేవాళ్లకు అది అందలేదు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించినా విడిభాగాలను వదిలేశారు. కాబట్టి అసలు పని విడిభాగాల్లోనే మిగిలి ఉంది.

బ్యాటరీ ప్లగ్గునే తీసుకోండి. 10 లీటర్ల ట్యాంకుతో, నిండుగా 25 కిలోల దగ్గర తూగే మందు కొట్టే డ్రోన్ గాల్లో నిలవాలంటే సుమారు నాలుగున్నర కిలోవాట్లు కావాలి. అంటే 44 వోల్టుల బ్యాటరీ నుంచి వంద ఆంపియర్లు. కొత్త ప్లగ్గు నిరోధం (కరెంటుకు అడ్డుపడే గుణం) ఒక మిల్లీఓమ్ లోపే. పురుగుమందు తుంపర, ఉప్పుగాలి తగిలి పిన్ను నల్లబడి అది పది మిల్లీఓమ్‌లకు పెరిగిందంటే ఆ ఒక్క ప్లగ్గులోనే వంద వాట్ల వేడి పుడుతుంది. టంకం మెత్తబడుతుంది, ఒక వోల్టు అక్కడే పోతుంది. బ్యాటరీ అడుగంటే వేళకు ఆ వోల్టే కొంప ముంచుతుంది. హెచ్చరిక ముందుగానే మోగి డ్రోన్ వరి మడిలో దిగిపోతుంది. నెల్లూరు రైతు బ్యాటరీ పోయిందనుకుని కొత్త జత కొంటాడు. మార్చాల్సింది మాత్రం ప్లగ్గు!

కొత్త డ్రోన్‌ను నాలుగు రోజులు ఎగరేసి చూస్తే ఈ లోపం దొరకదు. ఉప్పు తుంపర గదిలో ఉంచి, వైబ్రేషన్ టేబుల్ మీద ఊపి, మధ్యమధ్యలో నిరోధం కొలవాలి. ఆ పరికరాలు కొనే స్తోమత చిన్న సంస్థకు ఉండదు. శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో రక్షణ శాఖ పథకం కింద తలపెట్టిన డ్రోన్ల పరీక్షా కేంద్రంలో వారానికి రెండు రోజులు ఇలాంటి చిన్న సంస్థలకు, ముందే ప్రకటించిన రేటుకు కేటాయించాలి.

విద్యుత్ విమానాలకు వచ్చేసరికి బ్యాటరీయే పెద్ద గండం. కిలో పెట్రోలులో సుమారు 12 వేల వాట్ అవర్ల శక్తి ఉంటే, కిలో లిథియం సెల్‌లో ఉండేది 250 దగ్గర. పైగా నిలువుగా దిగే విమానం భారీగా కరెంటు లాగేది ప్రయాణం చివర, చార్జింగు 20, 30 శాతానికి పడిపోయాక. సెల్ వోల్టేజి కుంగేదీ, వేడెక్కేదీ అప్పుడే. కాబట్టి నిండు బ్యాటరీతో, ఏసీ గదిలో చేసిన పరీక్ష ఒక్కటే సరిపోదు. ఒక సెల్ అంటుకుంటే మంట పక్క సెల్‌కు పాకుతుందా అన్నది కూడా ప్యాకును నిజంగా తగలబెట్టే చూడాలి. ఐఐటీ మద్రాసులో మొదలై విద్యుత్ విమానాల మీద పనిచేస్తున్న ఈప్లేన్ లాంటి సంస్థలకైనా, రేపు వచ్చే చిన్నవాటికైనా ఇది తప్పదు. చెన్నై దగ్గరి ఒరగడంలో వాహనాల పరీక్షల కోసం కట్టిన గార్క్ కేంద్రంలో ఈఎంసీ ల్యాబ్ (ఒక పరికరం విద్యుదయస్కాంత తరంగాలు మరోదానికి అడ్డురాకుండా పరీక్షించేది) ఉంది. దాని పక్కనే విమాన బ్యాటరీలను తగలబెట్టి పరీక్షించే గది ఒకటి కడితే ప్రతివాళ్లూ సొంతంగా కట్టుకునే పని తప్పుతుంది.

ఈ పరీక్షల బిల్లులో సగం ప్రభుత్వం భరించాలి. పాసైనా, ఫెయిలైనా ఇవ్వాలి. ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో రాసివ్వాలన్నది ఒక్కటే షరతుగా పెట్టి, ఆ నివేదికలను సంస్థ పేరు తీసేసి అందరికీ అందుబాటులో ఉంచాలి. నల్లబడిన పిన్ను సంగతి ఒకరు కనిపెడితే మిగతావాళ్లు మళ్లీ డ్రోన్లు పడేసుకోనక్కర్లేదు. వచ్చే బడ్జెట్‌లోనే గుమ్మిడిపూండి స్థలానికీ, ఈ సగం బిల్లుకూ నిధులు కేటాయించాలని రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలను కోరుతున్నాం.

ఇట్లు,
డ్రోన్ల రంగంలో పనిచేస్తున్న పాఠకులు,
క్రోంపేట, చెన్నై