వెనుక సీటులోనూ ఒక తల ఉంది

సంపాదకుడు గారికి,

చలికాలం ఆదివారాల్లో తెల్లవారకముందే విశాఖ నుంచి అరకు బయలుదేరే మోటారుసైకిళ్ల గుంపుల్లో నేనూ ఒకడిని. పన్నెండేళ్లుగా ఆ ఘాట్ ఎక్కుతున్నాను. శృంగవరపుకోట దాటాక టీకి ఆగితే మా వాళ్ల సరంజామా చూడముచ్చటగా ఉంటుంది. భుజాలకు, మోచేతులకు, వీపుకు ప్యాడ్లున్న జాకెట్లు, చేతి తొడుగులు, చీలమండ దాటిన బూట్లు, ముఖమంతా కప్పే హెల్మెట్లు. అదే బండి వెనుక నుంచి దిగిన భార్యకో తమ్ముడికో మాత్రం నెత్తిన టోపీ లాంటి సగం హెల్మెట్, కాళ్లకు చెప్పులు. పోలీసుల తనిఖీ దాటాక ఆ సగం కూడా హ్యాండిల్‌కు వేలాడుతుంది.

మూడేళ్ల కిందటి దాకా నేనూ ఆ బాపతే. అనంతగిరి దగ్గర ఒక మలుపులో ఇసుక మీద ముందు చక్రం జారింది. వేగం ముప్పై దాటలేదు. నా జాకెట్ మోచేయి దగ్గర చిరిగింది, ఒంటి మీద గీత పడలేదు. వెనుక కూర్చున్న మా చెల్లికి అరచేతులు, మోకాళ్లు దోక్కుపోయాయి. పట్టీ బిగించని ఆమె హెల్మెట్ ఆమె కంటే ముందే రోడ్డు పక్కకు దొర్లిపోయింది. తల రాయికి తగలకపోవడం మా అదృష్టం, నా తెలివి కాదు. ఇప్పుడు నా బండి ఎక్కేవారికి నా ఒంటి మీద ఉన్నవన్నీ ఉండాలి. లేదంటే అరకుకు బస్సు ఉంది, రైలూ ఉంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేక దేశంలో 50,029 మంది చనిపోతే, వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. చట్టంలో లోటేమీ లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలంటుంది, పట్టీ బిగించాలని కూడా చెబుతుంది. తప్పితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు. మన కూడళ్లలో మాత్రం తల మీద ఏదో ఒకటి కనిపిస్తే చాలు, పట్టీ సంగతి అడిగేవారు లేరు.

ఐఎస్‌ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మడం 2021 జూన్ 1 నుంచి నేరం. అయినా రోడ్ల పక్కన కుప్పలు అలాగే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ముద్ర కూడా ఉంటుంది, గోరుతో గీకితే ఊడివస్తుంది! కొన్నవాడిని ఆపి జరిమానా రాసే బదులు ఆ కుప్ప దగ్గరకే అధికారులు వెళితే సగం పని అవుతుంది. జాకెట్ల విషయంలో కొనేవాడే చూసుకోవాలి: లోపలి చీటీపై ఐరోపా ప్రమాణం ఈఎన్ 17092, దాని పక్కన ఎ, ఎఎ వంటి తరగతి ఉన్నాయో లేదో. ప్యాడ్లు లేనిది ఎంత నల్లగా మెరిసినా చలికోటే.

కొత్త బండితో రెండు హెల్మెట్లు ఇవ్వాలని 2025లో కేంద్రం ముసాయిదా నియమం తెచ్చింది. మంచిదే. నా బండి కొన్నప్పుడు డీలరు ఇచ్చిన ఒక్క హెల్మెట్ లోపలి థర్మాకోల్ బొటనవేలితో నొక్కితే లొట్టపడింది. రెండోది కూడా అలాంటిదే అయితే వెనుక సీటువారికి ఒరిగేదేమిటి? బండికి చేసే తనిఖీలో దాంతో ఇచ్చే హెల్మెట్లనూ చేర్చాలని రవాణా శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక మోటారుసైకిల్ ప్రియుడు, విశాఖపట్నం