ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు దాని కీల మీద మా వేళ్లు పెట్టనివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వికలాంగుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. పుట్టుకతోనే నాకు చూపు లేదు. వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారాలు మా ఇంటి ముందుగదిలో చూపు లేని పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను. దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి, ఒక్కోసారి కల్వకుర్తి నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వస్తారు. ప్రభుత్వ ఉచిత పంపిణీలో అందిన ల్యాప్‌టాప్‌ను దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని వస్తారు. ఆ ల్యాప్‌టాప్ మీది కీల గురించే ఈ ఉత్తరం.

దేవరకొండ వైపు ఒక పల్లె నుంచి వచ్చే అమ్మాయి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఇవ్వాల్సిన వ్యాసం తెలుగులో టైపు చేస్తూ ఒక అక్షరం తప్పు పడితే, దాన్ని తుడవడానికి కుడివైపు పై మూలకు వేలు పోనిచ్చింది. ఆమె నేర్చుకున్న కీబోర్డులో ఆ మూలన డిలీట్ ఉండేది. ఈ ల్యాప్‌టాప్‌లో ఆ మూలన ఉన్నది పవర్ బటన్. అదే ఎత్తు, అదే వెడల్పు, వేలికి ఏ తేడా తెలియదు. నొక్కగానే, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గొంతు ఆగిపోయింది. తెర నల్లబడిందని అమ్మ చెప్పింది. మళ్లీ ఏదైనా నొక్కితే ఇంకా పాడవుతుందేమోనని భయపడి ఆ పిల్ల ల్యాప్‌టాప్‌ను మూసి, పాత చీరలో చుట్టి బీరువా పైన పెట్టింది. మూడు వారాలు అది అక్కడే ఉంది. బ్యాటరీ అయిపోయింది, దాచుకోని వ్యాసం పోయింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె చెప్పిన మొదటి మాట, "మేడం, సర్కారు వస్తువు పాడు చేశాను" అని.

ఆమె ఏమీ పాడు చేయలేదు. ఛార్జింగ్ పెట్టి పవర్ బటన్ నొక్కితే ల్యాప్‌టాప్ లేచి మాట్లాడింది. ఆ మాట వినగానే ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది మంత్రి గారూ.

చూపు ఉన్నవారు కొత్త కీబోర్డును ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. మేము దాన్ని సందులతో గుర్తుపడతాం. ఎఫ్, జె కీల మీద చిన్న గీత తగులుతుంది, చేతులు అక్కడ నిలుస్తాయి. పై వరుసలో ఎఫ్1 నుంచి నాలుగేసి కీలకు ఒక సందు ఉంటే, ఎఫ్5 ఎక్కడుందో లెక్కపెట్టకుండానే తెలుస్తుంది. బాణాల కీల చుట్టూ కాస్త ఖాళీ ఉంటే వేలు తడుముకోకుండా వెళ్లి కూర్చుంటుంది. పలుచని ల్యాప్‌టాప్‌లలో ఆ సందులన్నీ పూడ్చేస్తున్నారు. పై, కింది బాణాలను సగం సగం చేసి ఒకే కీ అంత చోటులో ఇరికిస్తున్నారు. చూడటానికి అందంగా ఉంటుందట. మా వేళ్లకు మాత్రం అది గట్లు చెరిపేసిన పొలం.

ఇక స్క్రీన్ రీడర్ సంగతి. నా దగ్గరికి వచ్చే పిల్లలంతా వాడేది ఎన్‌విడిఎ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని యువకుడు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తెలుగు కూడా చదువుతుంది. దానికి ఆయువుపట్టు ఇన్సర్ట్ కీ. ఇన్సర్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే అక్కడి నుంచి చివరిదాకా చదువుతుంది. ఇన్సర్ట్‌తో టి నొక్కితే తెర మీద ఏ విండోలో ఉన్నామో చెబుతుంది, ఎఫ్12 నొక్కితే టైము చెబుతుంది. రోజుకు కొన్ని వందల సార్లు ఆ కీ మీద వేలు పడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ఇన్సర్ట్ విడిగా ఉండదు, ఎఫ్ఎన్ అనే మరో కీతో కలిపి నొక్కాలి. అంటే ఒక వరుస చదివించుకోవడానికి మూడు కీలు, రెండు చేతులు. ఒక చేయి మాత్రమే పనిచేసే కుర్రవాడు నా దగ్గర ఉన్నాడు. అతను ఏం చేయాలి?

దీనికి ఎన్‌విడిఎలోనే మందు ఉంది. ఇన్సర్ట్‌కు బదులు క్యాప్స్ లాక్‌ను వాడుకోవచ్చు. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే స్వాగత పెట్టెలోనే ఆ ఎంపిక ఉంటుంది. అసలు క్యాప్స్ లాక్ పని కావాలంటే దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలు. ఎడమచేతి చిటికెన వేలికి సులువుగా అందే చోట ఉంటుంది, ఏ ల్యాప్‌టాప్‌లోనూ చోటు మారదు. ఈ చిన్న సంగతి చెప్పేవారు లేక, రెండేళ్లుగా ఇన్సర్ట్ కోసం తడుముకుంటూ, "నాకు కంప్యూటర్ రాదు" అని తీర్మానించుకున్న పిల్లలను నేను చూశాను.

అన్నిటికీ ఎన్‌విడిఎలో మందు లేదు. కుడి క్లిక్కు బదులుగా మేము వాడే అప్లికేషన్స్ కీ చాలా ల్యాప్‌టాప్‌ల నుంచి మాయమైంది. తప్పు పడిన పదాన్ని సరిచేయాలన్నా, ఫైలు పేరు మార్చాలన్నా మా చేయి వెళ్లేది దాని మీదికే. బదులుగా షిఫ్ట్, ఎఫ్10 నొక్కవచ్చు అంటారు. నిజమే, కానీ పై వరుసను ధ్వని, వెలుతురు తగ్గించి పెంచే పనికి కేటాయించిన ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10 కావాలంటే మళ్లీ ఎఫ్ఎన్ తోడు కావాలి. కొన్నిటిలో ఆ పద్ధతిని మార్చాలంటే, విండోస్ మొదలుకాక ముందే తెరుచుకునే బయాస్ అనే సెట్టింగులలోకి వెళ్లాలి. బయాస్ తెర మాట్లాడదు. అక్కడికి స్క్రీన్ రీడర్ ఇంకా లేచే ఉండదు. చూపు ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాల్సిందే. దీనికి తోడు 2024 జనవరి 4న మైక్రోసాఫ్ట్ కోపైలట్ అనే కొత్త కీని ప్రకటించింది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది అప్లికేషన్స్ కీ చోటునో, కుడి కంట్రోల్ చోటునో ఆక్రమించింది. అది నొక్కితే ఒక్క కీ సంకేతం రాదు, విండోస్, షిఫ్ట్, ఎఫ్23 మూడూ కలిసి వస్తాయి. అందుకే దాన్ని మార్చుకోవడం మామూలు కీని మార్చుకున్నంత సులువు కాదు.

కీని మార్చుకోవడం అంటే ఏమిటో మీ అధికారుల కోసం ఇక్కడ చెబుతాను. మనం కీ నొక్కినప్పుడు కీబోర్డు అక్షరాన్ని పంపదు, ఒక సంఖ్యను పంపుతుంది. ఆ సంఖ్యను చూసి ఇది ఫలానా కీ అని విండోస్ తెలుసుకుంటుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో స్కాన్‌కోడ్ మ్యాప్ అనే పట్టిక రాసుకునే వీలుంది. ఇల్లు మారినవారి ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ కొత్త ఇంటికి చేర్చినట్టు, ఈ సంఖ్య వస్తే ఆ కీగా లెక్కించు అని అందులో రాస్తాం. ఒకసారి రాసి కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెడితే, పాస్‌వర్డ్ అడిగే తెర మీద కూడా ఆ మార్పు పనిచేస్తుంది. షార్ప్‌కీస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఆ పట్టికను మన తరఫున రాసిపెడుతుంది. మైక్రోసాఫ్ట్ వారే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోనూ కీలు మార్చుకునే ఏర్పాటు ఉంది, కాకపోతే అది నడుస్తున్నంతసేపే పనిచేస్తుంది. ఎఫ్ఎన్ కీని మాత్రం వీటిలో ఏదీ మార్చలేదు. అది కీబోర్డు లోపలే తేలిపోయే వ్యవహారం, సాధారణంగా విండోస్ దాకా రాదు. అందుకే ఏ ల్యాప్‌టాప్ కొంటున్నామన్నది అంత ముఖ్యం.

ఆ దేవరకొండ అమ్మాయి ల్యాప్‌టాప్‌కు నేను చేసింది ఇంతే. పవర్ బటన్ నొక్కితే ఏమీ చేయవద్దని విండోస్ సెట్టింగులలో చెప్పాను. కుడి కంట్రోల్‌ను అప్లికేషన్స్ కీగా మార్చాను. కుడి ఆల్ట్‌ను కదిలించలేదు, ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో తెలుగు టైపు చేసేవారికి దానితో పని పడుతుంది. క్యాప్స్ లాక్‌ను ఎన్‌విడిఎకు అప్పగించాను. మా చెల్లెలి గోళ్ల రంగు సీసా తీసుకుని డిలీట్ కీ మీద ఒక చుక్క పెట్టాం. ఆరాక అది బుడిపెలా వేలికి తగులుతుంది. అన్నిటికీ పట్టింది 25 నిమిషాలు. ఖర్చు ఆ చుక్క రంగు. ఆ అమ్మాయి కుడి కంట్రోల్ నొక్కింది, మెనూ తెరుచుకుని మాట్లాడింది. మూసి మళ్లీ నొక్కింది. అలా ఏడెనిమిదిసార్లు నొక్కి చూసుకుంది.

మంత్రి గారూ, ఆ 25 నిమిషాలు పంపిణీ రోజునే ఎందుకు ఇవ్వకూడదు? వేదిక మీద పెట్టె చేతికిచ్చి ఫొటో తీసుకునే రోజునే, పక్కన నాలుగు బల్లలు వేయించండి. స్క్రీన్ రీడర్ వాడే చూపు లేనివారినే అక్కడ కూర్చోబెట్టండి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో అలాంటివారు ఉన్నారు, పిలిస్తే వస్తారు. ప్రతి ఒక్కరికీ వారి చేతికి తగినట్టు కీలు మార్చి, ఏం మార్చామో బ్రెయిలీలోనో ఆడియోలోనో తెలుగులో ఇచ్చి పంపాలి. అందరికీ ఒకే అమరిక రుద్దవద్దు. ఒక చేయి వాడేవారికి కావలసింది వేరు, కాస్త చూపు ఉన్నవారికి కావలసింది వేరు.

కొనేముందు ఇంకో పని. ఎన్‌విడిఎలో ఇన్సర్ట్, 1 నొక్కితే ఒక పద్ధతి మొదలవుతుంది. అప్పుడు ఏ కీ నొక్కినా ఆ కీ పని చేయదు, దాని పేరు మాత్రం వినిపిస్తుంది. నమూనా ల్యాప్‌టాప్‌ను చూపు లేని మనిషి ముందు పది నిమిషాలు పెట్టండి. ఇన్సర్ట్ విడిగా ఉందా, పవర్ బటన్ డిలీట్‌ను ఆనుకుని ఉందా, హోమ్, ఎండ్ ఎక్కడున్నాయి, అన్నీ తేలిపోతాయి. కుడివైపు అంకెల కీలు ఉన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ దొరికితే మరీ మంచిది. ఆ అంకెలలో 7 పై వరుసను, 8 ఉన్న వరుసను, 9 కింది వరుసను చదివిస్తాయి. తేలికగా ఉంటుందని 14 అంగుళాలది కొంటే ఆ సదుపాయం సాధారణంగా పోతుంది. ప్రాసెసర్, మెమరీ, బరువు రాసే టెండరు కాగితంలో కీబోర్డుకు రెండు వాక్యాలు కేటాయించమని అడుగుతున్నాను.

ఇది దయతో చేయాల్సిన పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, రోజువారీ వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు అందరూ వాడగలిగే రూపంలో దొరికేలా చూడమని ప్రభుత్వాలకే చెప్పింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, వికలాంగుల కోసం పెట్టిన అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి కావాలి అని తీర్పు ఇచ్చింది.

కార్యాలయాలలో, పరీక్షా కేంద్రాలలో మాకు ఎదురయ్యేది మరో అడ్డంకి. రిజిస్ట్రీ మార్చాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అడిగాను. "ఒక్కరి కోసం సిస్టమ్ మార్చలేం" అన్నారు. ఆ సిస్టమ్ వాడేది నేను ఒక్కదాన్నే. నాలుగు నెలల తర్వాత, కొత్తగా బదిలీపై వచ్చిన అధికారి రెండు నిమిషాలలో చేయించారు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను, కానీ ఇది ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. కంప్యూటర్ మీద పరీక్ష రాసే వికలాంగులకు ఒకరోజు ముందే ఆ కంప్యూటర్‌ను సరిచూసుకునే వీలు ఇవ్వాలనీ, తమకు తగిన కీబోర్డు వంటి ఉపకరణాలను అనుమతించాలనీ 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే చెప్పారు. రాష్ట్రంలోని ప్రతి కేంద్రానికీ, ప్రతి కార్యాలయానికీ ఆ మాట మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వుగా వెళ్లాలి.

టైపు మిషన్ల చరిత్రలో తొలినాటి వాటిలో ఒకదాన్ని 1808 ప్రాంతంలో ఇటలీలో పెల్లెగ్రినో టుర్రి తయారు చేశారు. చూపు లేని ఒక స్త్రీ తన ఉత్తరాలు తానే రాసుకోవాలని చేసిన యంత్రం అది. కీల మీద మాకు కొత్తగా హక్కేమీ పుట్టలేదు.

తదుపరి కొనుగోలుకు నమూనా ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు కబురు పెట్టండి. నల్లగొండ నుంచి మొదటి బస్సుకు బయలుదేరి వస్తాను. ఆ దేవరకొండ అమ్మాయిని కూడా వెంట తీసుకువస్తాను. ముందు ఆమెనే కూర్చోబెట్టండి.

భవదీయురాలు,
నల్లగొండ నుంచి ఒక ఉద్యోగిని