మన బడి వెనక పారేది డ్రైనేజీ కాదండి, గెడ్డ

పేరెంట్స్ అందరికీ నమస్కారం. యూనిట్ టెస్టుల డేట్లు వెనక పేజీలో వేశాం, చూస్కోండి. నేను రాసేది వేరే సంగతి.

మొన్న ఆరో తరగతిలో "మన బడి వెనక పారేదేంటి?" అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "డ్రైనేజీ సార్" అన్నారు! కొత్తగా వచ్చిన సోషల్ టీచరుగారిది అనంతపురం, ఆవిడేమో "మా వైపు గడ్డంటే ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ సార్, దీన్ని వంక అంటాం" అని నవ్వారు. పుస్తకంలో వాగు అని ఉంటుంది గానీ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అది గెడ్డే కదండి, పాచిపెంట దగ్గర రిజర్వాయరు పేరే పెద్దగెడ్డ.

అందుకే శనివారం పిల్లల్ని గట్టెంట నడిపించాం. పైన పొలాల వైపు నీళ్ళు తేటగా ఉన్నాయి, తూనీగలు, కొంగలు, లకుముకిపిట్ట, ఒకడికి మట్టగిడస చేప కూడా దొరికింది (వదిలించేశాం లెండి). అదే గెడ్డ కాలనీ కల్వర్టు దాటేసరికి గుర్రపుడెక్క కమ్మేసి నీళ్ళే కనపడవు. ఆ మొక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు, అది పరుచుకుంటే ఎండ లోపలికి దిగదు, ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు బతకవు. మన బడి కుళాయిల నీళ్ళు కూడా గెడ్డలోకే పోతున్నాయట, ఒక పాప పైపు వెతికి మరీ చూపించింది, నాకైతే తల తీసేసినట్టయింది. ఇప్పుడు ఇంకుడు గుంత తవ్విస్తున్నాం.

ఈ నీళ్ళన్నీ చేరేది నాగావళికే. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, సంగం దగ్గర సువర్ణముఖి, వేగావతిని కలుపుకుని, మన శ్రీకాకుళం టౌను మీదుగా కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో పడే నది. బలరాముడు నాగలితో గీస్తే పుట్టిందని, అందుకే పాత పేరు లాంగుల్య (లాంగలం అంటే నాగలి) అని పెద్దలు చెప్తారు, ఆయన పెట్టాడనే లింగాల్లో ఒకటి మన కోటేశ్వరుడి గుళ్ళోదే. ఆ గుడికెళ్ళి దండం పెట్టుకునొచ్చి చెత్త కవరు గెడ్డలోకి విసిరేస్తున్నాం మరి, మా స్టాఫ్‌తో కలిపే అంటున్నా.

వచ్చే శనివారం మళ్ళీ వెళ్తాం. ఈసారి తాతల్ని, అమ్మమ్మల్ని, నాన్నమ్మల్ని పంపండి, ఒకప్పుడు గెడ్డ ఎంత వెడల్పుండేదో, ఎక్కడ ఈతకొట్టేవాళ్ళో చూపిస్తే పిల్లలు మ్యాపు గీస్తారు. పొద్దున్న ఏడున్నరకి గేటు దగ్గర, పిల్లలకి బూట్లు వేసి పంపండి, అక్కడంతా గాజుపెంకులున్నాయి. వానొస్తే ఆ పై శనివారం.

మీ హెడ్‌మాస్టరు