బేకరీలలో ప్యాకింగ్ చెత్త తగ్గింపు: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని మన బేకరీ యజమానుల సంఘం ఈ ఏడాది ప్రధానంగా ప్యాకింగ్ చెత్తను తగ్గించే పనిని చేపట్టింది. ప్లాస్టిక్ చెంచాలు, కత్తులు, ప్లేట్లతో పాటు మిఠాయి పెట్టెలపై చుట్టే ఫిల్ము కూడా 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం; 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను అదే ఏడాది డిసెంబరు 31 నుంచి ఇవ్వకూడదు. అయినా కేకుతో పాటు ప్లాస్టిక్ కత్తి ఇచ్చే అలవాటు మన దుకాణాలు కొన్నింటిలో మొన్నమొన్నటి వరకూ సాగింది. ఇది మనందరం సిగ్గుపడవలసిన విషయం. ఇప్పుడు చెక్క కత్తిని, అదీ అడిగినవారికే, ఇస్తున్నాము.

సరుకు ఎన్నాళ్లు నిలవ ఉండాలో చూసి కవరును నిర్ణయించాలన్నది ఈ ఏడాది అనుభవం మాకు నేర్పిన పాఠం. వానాకాలంలో ఉస్మానియా బిస్కెట్లను కాగితపు సంచుల్లో ఇచ్చి చూడగా, అవి గాలిలోని తేమను పీల్చుకుని మర్నాటికే నెమ్మెక్కి, గుల్లదనం పోయి, కొన్నవారి ఇళ్లలోనే చెత్తబుట్ట పాలయ్యాయి. ఒక కవరు మిగిల్చి, మైదా, నెయ్యి, పొయ్యి మంట వృథా చేయడం న్యాయం కాదు కనుక బిస్కెట్లకు సీలు వేసిన కవరునే కొనసాగించాము. పఫ్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. వేడి పఫ్‌ను ప్లాస్టిక్ కవరులో పెడితే ఆవిరి పట్టి పొరలు మెత్తబడతాయి. కాగితపు కవరే దానికి మేలు. అయితే అచ్చు సిరా ఆహారానికి అంటుతుంది కాబట్టి పాత వార్తాపత్రికలను ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. ఆహార భద్రతా నిబంధనలు కూడా దీన్ని నిషేధించాయి.

బ్రెడ్డుకు కవరు తప్పదు, దాన్ని మళ్లీ క్యారీ బ్యాగులో వేయడం మాత్రం మానాము. కేకు పెట్టె మూతకు అతికించే ప్లాస్టిక్ కిటికీని తీసివేయించాము. మూత తెరిచి కేకు చూపించడానికి కౌంటరు దగ్గర అర నిమిషం చాలు. కోడిగుడ్ల అట్టలు తిరిగి సరఫరాదారుకే వెళుతున్నాయి, మైదా సంచులను దులిపి కట్టలు కట్టి అమ్ముతున్నాము.

ఒక సరఫరాదారు 120 మైక్రాన్లని అచ్చువేసి ఇచ్చిన సంచులు కొలిస్తే అంతకంటే పలుచగా తేలాయి. జరిమానా పడేది మనకే కనుక సంఘం మందం కొలిచే మైక్రోమీటరు అనే పరికరం ఒకటి కొన్నది. అది కార్యాలయంలో ఉంటుంది. సభ్యులు కొత్త సంచులకు డబ్బు చెల్లించే ముందు ఒక నమూనా తెచ్చి కొలిపించుకోవలసిందిగా మనవి.