అవి సైబీరియా పక్షులు కావు

సంపాదకులకు నమస్కారం.

మా జిల్లాలోని పక్షుల విడిది తేలినీలాపురం మీద వార్త వచ్చిన ప్రతిసారీ ‘సైబీరియా నుంచి వచ్చిన అతిథులు’ అనే రాస్తున్నారు, చదివినప్పుడల్లా బాధగా ఉంటోంది. అక్కడ గూళ్లు కట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు మన దక్షిణాసియా పక్షులే. సైబీరియా నుంచి చలికాలానికి వచ్చే బాతుల్లాంటివి ఇక్కడ తిని, తిరిగి వెళ్లి అక్కడే గుడ్లు పెడతాయి కదా, మరి ఇక్కడే పిల్లల్ని పెంచే పక్షి పరాయిది ఎలా అవుతుంది?

అసలు రాయాల్సింది అవి ఊరి మధ్య చింతచెట్లనే ఎందుకు పట్టుకుంటాయన్నది. మనుషులు తిరిగేచోట గూళ్ల మీద పడే జంతువులు కాస్త వెనక్కి తగ్గుతాయి, పైగా ఊరివాళ్లు ఎవరినీ రాయి వేయనివ్వరు. గుంపుగా ఉంటే ఒకటి చూడకపోయినా ఇంకోటి ప్రమాదాన్ని పసిగడుతుంది. వాటికి చేపలు దొరికే నౌపడ చిత్తడి నేల కూడా దగ్గర్లోనే ఉంది. నేలపట్టు పక్షుల కేంద్రంలోనైతే పెలికాన్లు చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి, చుట్టూ నీళ్లుంటే నక్కలు అంత తేలిగ్గా రాలేవు.

అంటే చెట్టు కొట్టేసినా, చెరువు ఎండినా వాటికి వెళ్లడానికి సైబీరియాలో ఇల్లేమీ లేదు. దయచేసి ఈసారైనా ఆ మాట సరిదిద్దండి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా