జింక్ మాత్రలు: రాగి సంగతేమిటి?

సంపాదకులకు,

కరోనా రోజుల్లో మొదలుపెట్టిన జింక్ మాత్రలు కొన్ని ఇళ్లలో ఇంకా నడుస్తున్నాయి. డాక్టరు చీటీ ఉండదు, ఆపే తేదీ ఉండదు. ఎక్కువైతే ఒంట్లోంచి అదే పోతుందిలే అన్న ధీమా ఒకటి. పోయే మాట నిజమే, కానీ ఒంటికి కావాల్సిన రాగిని (కాపర్) కూడా వెంటబెట్టుకు పోతుంది.

పెద్దవాళ్ల ఒంట్లో జింక్ మొత్తం 2-3 గ్రాములు. దాదాపు అంతా కండరాల్లో, ఎముకల్లో ఉంటుంది. రక్తపు ప్లాస్మాలో తిరిగేది వెయ్యో వంతు, అదీ ఎక్కువగా ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్ భుజమ్మీద. ఇనుముకు కాలేయంలో ఉన్నట్టు దీనికి గాదె లేదు కాబట్టి అదుపు చాలావరకు పేగు దగ్గరే జరగాలి. చిన్నపేగు కణానికి తిండివైపు జిప్-4 అనే ప్రోటీన్ జింక్‌ను లోపలికి లాగుతుంది, రెండో వైపు జెడ్‌ఎన్‌టీ-1 రక్తంలోకి వదులుతుంది. జింక్ ఎక్కువైతే కణం జిప్-4ను పైనుంచి తీసేసి, మిగులును పట్టి ఉంచడానికి మెటాలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. చిక్కు ఇక్కడే. ఈ ప్రోటీన్‌కు జింక్ కన్నా రాగి మీద పట్టు ఎక్కువ. దొరికిన రాగిని వదలదు. కొద్ది రోజుల్లో ఆ కణం రాలిపోతుంది, రాగి మలంలో కలుస్తుంది.

ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బుకు 50 మి.గ్రా. జింక్ రోజుకు మూడుసార్లు ఇచ్చేది ఈ కిటుకుతోనే. ఆ జబ్బు లేనివాళ్లు పెద్ద మోతాదులు నెలల తరబడి మింగితే రాగి కొరత ఏర్పడి రక్తహీనత, తెల్లకణాల తగ్గుదల, కాళ్ల తిమ్మిరి, నడకలో తూలు రావచ్చు. ఐరన్ మాత్రలతో ఆ రక్తహీనత కదలదు. నరాలకు తగిలిన దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు కూడా.

రక్తపరీక్షలో జింక్ తగ్గిందని వెంటనే మాత్ర మొదలుపెట్టడమూ తొందరపాటే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే కాలేయం జింక్‌ను తనలోకి లాక్కుంటుంది. భోజనం చేశాకా, ఆల్బుమిన్ తగ్గినా అంకె పడిపోతుంది. నమూనాలో ఎర్రకణాలు చిట్లితే ఉత్తుత్తి పెరుగుదల. పొద్దున్నే పరగడుపున, జ్వరం లేనప్పుడు తీసిన రక్తానికే విలువ.

డబ్బా మీద అంకె చూసేటప్పుడూ జాగ్రత్త. జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 55 మి.గ్రా. అంటే అసలు జింక్ 20 మి.గ్రా.; గ్లూకోనేట్ 50 మి.గ్రా.లో 7 మాత్రమే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్కలో మగవాళ్లకు రోజుకు 17, ఆడవాళ్లకు 13.2 మి.గ్రా. సరిపోతుంది.

జింక్ సల్ఫేట్‌ను డీఏపీ ఎరువుతో కలిపి చల్లకూడదని వరి రైతుకు తెలుసు, డీఏపీలోని భాస్వరం జింక్‌ను కట్టేస్తుంది. పేగులోనూ అంతే. గింజల పొట్టులోని ఫైటేట్ భాస్వరపు సమ్మేళనమే. పెసలు, శనగలు మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటేట్ కొంత విరిగి జింక్ బాగా ఒంటబడుతుంది.

మాత్ర తప్పకుండా వేయాల్సిన చోట మాత్రం మధ్యలో ఆపేస్తున్నారు. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు ఆర్నెల్లు దాటినవారికి రోజుకు 20 మి.గ్రా. మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల వారికి సగం మాత్ర తల్లిపాలలో కరిగించి ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజుకే కట్టినా 14 రోజులూ వేయాల్సిందే.

ఇట్లు,
జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు, వరంగల్